అందాజాకీ ఫసల్‌కీ నడుమ



రోజూ వాడే మాటల్లో కొన్ని ఎక్కడివో మనకే గుర్తుండదు. ఖరీఫ్ అరబీ మాట, శరత్కాలమని అర్థం. రబీ అంటే వసంతం. ఫసల్, జమీన్ సంగతి సరే, ‘రైతు’ అన్న మాట కూడా ‘రఇయ్యత్’ నుంచి వచ్చిందే. ‘కౌలు’ అంటే ‘ఖౌల్’, ఇచ్చిన మాట. మాటలైతే మన ఇంటివే గానీ, జమీన్ మాత్రం చాలామందికి మనది కాదు. మా ఖానాపూర్ వైపు మనవాళ్లలో పాలకో కౌలుకో చేసేవాళ్లను చూస్తూనే పెరిగాను.

కౌలుదారు విత్తనం పెట్టకముందే ఒక మాట ఇస్తాడు, ఎకరానికి ఇంత అని. పండినా ఎండినా ఆ మాట మారదు. సీజను సగానికొచ్చాక అతన్ని ఇంకో మాట అడుగుతారు. ఈ రెండో మాట గురించే నేను రాస్తున్నది.

మా ఖాలూ మూడెకరాల ఖుష్కీలో పత్తి, సదర్‌మాట్ కాలువ కింద ఒక ఎకరం తరీలో వరి కౌలుకు చేస్తున్నారు. గోదావరి మీద మేడంపల్లి దగ్గర 1891-92లో నిజాం సర్కారు కట్టించిన ఆనకట్ట అది. 2018లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. దాని నీళ్ల భరోసాతో వరి గురించి ఖాలూకు అంత ఫికర్ లేదు. పత్తికి ఆ భరోసా లేదు. దానికి ఆస్మాన్ ఒక్కటే కాలువ.

పుబ్బ కార్తెలో ఒకరోజు అసర్ నమాజ్ అయినంక ఆయనతో చేనుకు పోయిన. గట్టు పక్క చెట్లను ఆయన లెక్కపెట్టరు. ‘గట్టు మీది చెట్టు అబద్ధం చెప్తది బేటా, దానికి ఎండా గాలీ ఎక్కువ’ అంటారు. చేను నడుమ తలో దిక్కున పది చెట్లు చూశారు. సగటున చెట్టుకు 20 కాయలు. సాలుకు సాలుకు మూడడుగులు, చెట్టుకు చెట్టుకు రెండడుగులు అయితే ఎకరానికి 7,260 చెట్లు. కాయకు 4 గ్రాముల పత్తి అనుకుంటే ఎకరానికి 5.8 క్వింటాళ్లు. నేను ఫోన్లో లెక్కేసి చెప్పిన.

ఖాలూ నవ్వి, ‘అందులో మూడో వంతు తీసెయ్. మొలవని కుదుర్లున్నయి, కుళ్లే కాయలున్నయి, గులాబీ పురుగు తినేది ఉన్నది. ముసురు పట్టిందంటే గూడ రాలుతది’ అన్నారు. నాలుగు క్వింటాళ్ల లోపుకు వచ్చింది లెక్క. 2022 జూలైలో కడెం ప్రాజెక్టు గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చి, నీళ్లు గేట్ల మీదుగా దూకినప్పుడు దిగువ ఊళ్లు ఖాళీ చేయించిన్రు. అది చూసిన మనుషులు పెద్ద అంకె నోటితో అనరు.

ఆయన వెనకాడింది అంకె కన్నా ఇంకోదానికి. ఎరువులు, మందులు ఉద్దెర ఇచ్చే దుకాణదారు అంతకు ముందు వారమే ఒక మాట పెట్టిండు. ఇంకో రెండు సార్లు మందు కొట్టాలె, యూరియా వెయ్యాలె. అవన్నీ ఇస్తా, కానీ ఈ చేను పత్తి మొత్తం నాకే, రేటు ఇప్పుడే ఖాయం చేసుకుందాం అని. రేటు మద్దతు ధర కన్నా తక్కువ. సీసీఐకి అమ్ముకుందామంటే తేమ 12 శాతం దాటితే కొనరు. పట్టా వేరేవాళ్ల పేరు మీద ఉంటే కాగితాల తిప్పలు వేరే.

మన దీన్‌లో ఈ సంగతి మీద సాఫ్‌గా మాట ఉన్నది. పక్వానికి వచ్చిందని తెలియకముందు పండ్లు అమ్మడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. బై సలమ్‌కు ఇజాజత్ ఉంది గానీ దానికి షరతులున్నాయి: పైసలు మొత్తం ముందే చేతికివ్వాలి, తూకం, తారీఖు ఖాయం కావాలి, ఫలానా చేను పంటే అని కట్టెయ్యకూడదు. ఈ బేరంలో వీటిలో ఒక్కటీ లేదు.

అందాజా వెయ్యడం మాత్రం తప్పు కాదు. చెట్టు మీది పంటను అంచనా కట్టడాన్ని ‘ఖర్స్’ అంటారు. ఖైబర్‌లో సగం పాలకు సాగు చేసేవాళ్ల ఖర్జూరాలు అంచనా వెయ్యడానికి ప్రవక్త (స) అబ్దుల్లా బిన్ రవాహా (రజి)ను పంపేవారు. వాళ్లు లంచం ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. నా లెక్క మీద ఏ వాటా కావాలో మీరే ఎంచుకోండని వాళ్లకే వదిలేశారు. అంచనా వేసేవాళ్లు మూడో వంతు, కాకుంటే నాలుగో వంతు రైతుకు వదిలెయ్యాలన్న మాట అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. మా ఖాలూ మదరసాలో చదువుకున్న మనిషి కాదు. ఆయన కొట్టేసిన మూడో వంతు తజుర్బా నేర్పింది.

అంటే అందాజా రైతు తన ఖర్చు చూసుకోవడానికి, అతని మీద రహమ్ చూపడానికి. అతని మెడకు తాడు వెయ్యడానికి కాదు.

మరి మందుకు పైసలెట్ల? నేనూ, ఇద్దరు ఖాలాజాద్ భాయీలూ కలిసి ఆ రెండు దఫాల మందుకూ యూరియాకూ సరిపడా కర్జె హసనా ఇచ్చినం. ఖురాన్ హుకుం ప్రకారం కాగితం రాసుకున్నం. రెండోసారి పత్తి ఏరినంక తిరిగివ్వాలె. ఫసల్ పాడైతే ముహ్లత్ ఇవ్వాలె. అదీ రాసినం. ఖాలూ దుకాణానికి పోయి నగదు ఇచ్చి మందు తెచ్చుకున్నరు. పత్తి ఎవరికి అమ్మాలన్నది ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

మన ఇళ్లల్లో జకాత్, సద్ఖా ఎక్కువగా రమ్జాన్‌లోనే తీస్తాం. ఈ ఏళ్లల్లో రమ్జాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతోంది. అప్పటికి పత్తి అమ్ముడుపోయి, కర్జ్ కొత్త చిట్టాలోకి ఎక్కి ఉంటది. కౌలుదారుకు పైసల అవసరం పుబ్బలో, ఉత్తరలో. కాయలు కనబడుతుంటయి, జేబు ఖాళీగా ఉంటది. నౌకరీ చేసే భాయీలూ, గల్ఫ్‌లో ఉన్న బేటాలూ, ఊరికి ఫోన్ చేసినప్పుడు పంట ఎట్లుందని అడిగి ఊరుకోకండి. మందు నగదుకు తెచ్చిండ్రా, ఉద్దెరకు తెచ్చిండ్రా అని కూడా అడగండి. ఉద్దెరకు అంటే, ఏం మాట ఇచ్చి తెచ్చిండ్రో అడగండి.