నాయక్ వేషం

కిరీటం పెడితే ఎవరైనా రాజే. కట్టె కత్తి పడితే వీరుడే. తెలివిగల మంత్రి వేషానికి మాత్రం తెలివి ఆడేవాని బుర్రలోంచే రావాలి, దాన్ని అట్టతో చేయలేం.

నిజాంసాగర్ దగ్గరి మా తండాలో చిన్నప్పుడు నసాబు ఆట ఆడేవాళ్లం. ఒకడు నాయక్, ఒకడు కారభారి, ఇద్దరు ఎద్దు కోసం కొట్లాడేవాళ్లు. రాసుకున్న మాటలుండవు. నాయక్ అప్పటికప్పుడు అడగాలి, తీర్పు చెప్పాలి. ఆడేవాడు ఎంత ఆలోచిస్తే ఆ నాయక్‌కు అంతే తెలివి. కారభారి చెవిలో మాట వేస్తే ఇంకాస్త ఎక్కువ! మాలో ఒకడు అబద్ధాన్ని రెండు ప్రశ్నల్లో పట్టేసేవాడు.

బడి నాటికలో వాడికే తహసీల్దారు వేషమిచ్చారు. నోరు పెగల్లేదు. గోర్ బోలిలో పుట్టిన ప్రశ్నకు తెలుగు మాట దొరికేలోపు ఎదుటివాడు వెళ్లిపోయేవాడు. చూసినవాళ్లు మొద్దు అన్నారు. బుర్ర అదే, భాష మారింది, అంతే.

2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. మన పిల్లలకు ఇక సర్పంచ్ అంటే వేషమే కాదు, నిజం కుర్చీ కూడా. అందుకే సార్లను, టీచరమ్మలను ఒకటి అడుగుతున్నాం. నాటిక మొదటిసారి గోర్ బోలిలో, మాటలు రాసివ్వకుండా ఆడించండి. తర్వాత అదే నాటికను తెలుగులో పెట్టండి.