నన్ను ఎరిగిన ఇద్దరు



పోయిన భాగం చదివి చాలామంది తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఒకటే అడిగారు. "అన్నా, డిగ్రీ అయిపోయి ఏళ్ళు గడిచాయి. విదేశాల్లో మెడికల్ స్కూలుకి అప్లై చేద్దామంటే రికమెండేషన్ లెటర్లు కావాలంటున్నారు. ఎవర్ని అడగాలి?" జవాబు ఒక్క లైన్లో చెప్పొచ్చు. కానీ ఆ రెండు ఉత్తరాల కోసం నేను తిరిగిన తిరుగుడు చెప్తేనే అసలు సంగతి తెలుస్తుంది. కాస్త పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

2022 నవంబర్. అప్పటికి ఎనిమిదేళ్ళుగా టీబీ ప్రోగ్రాంలో పనిచేస్తున్నా. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్ళ కళ్ళె డబ్బాలు బండి మీద పెట్టుకుని ల్యాబుకి మోసేవాణ్ణి. అందరి దగ్గూ టీబీ కాదు. పరీక్షలో ఏమీ రాదు, దగ్గు మాత్రం తగ్గదు. ఆ దుమ్ము సంగతేందో సరిగ్గా చదువుకోవాలని కోరిక. ఎంబీబీఎస్ కాదు, ప్రజారోగ్యంలో మాస్టర్స్. ఇంగ్లండులో ఒక మెడికల్ స్కూలు ఆ కోర్సు చెప్తుంది. నరసరావుపేటలో నెట్ సెంటర్లో కూర్చుని దరఖాస్తు నింపుతుంటే చివర్లో రెండు ఖాళీ గళ్ళు వచ్చాయి. రిఫరీ ఒకటి, రిఫరీ రెండు. ఒకరు చదువు చెప్పినవాళ్ళు, ఒకరు పని చూసినవాళ్ళు. మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ళయి ఉండాలట.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పా. ఎవరివో సిఫారసు ఉత్తరాలు కావాలంటున్నారని. అమ్మ మిరప కోతల నుంచి అప్పుడే వచ్చింది, చేతులు మంటలు. "అంతేగా నాయనా, పెసిడెంటు గారిని పట్టుకుంటే ఎమ్మెల్యే దగ్గర రాపిస్తాడు" అంది. అమ్మ తప్పేం లేదు. మన దగ్గర సిఫారసంటే అదే. పెన్షన్‌కి, ఇంటి స్థలానికి, ఆస్పత్రిలో మంచానికి. ఎవరి మనుషులమో చెప్పే చీటీ. మనం ఎవరమో చెప్పే చీటీ కాదు. వాళ్ళు అడిగింది ఈ రెండోది. అట్టాంటి కాగితం మా పల్లెలో ఎవరూ చూడలేదు.

నా బుర్ర మాత్రం "బాగా ఎరిగినవాళ్ళు" అన్న దగ్గరే ఆగిపోయింది. డిగ్రీ మూడేళ్ళు, 2006 నుంచి 2009 దాకా, నన్ను ఎవరూ ఎరక్కుండా ఉండటానికే నేను కష్టపడ్డా. చివరి బెంచీ. ప్రశ్న అడగను, చెయ్యెత్తను. ఎందుకంటే క్లాసులో నేను నిలబడాల్సి వచ్చే సందర్భం ఒకటే. "ఎస్సీ స్కాలర్‌షిప్ వాళ్ళు లేచి నిలబడండి, సంతకాలు పెట్టాలి." అరవై మంది తలలు తిప్పి చూస్తారు. ఒకసారి అట్టా నిలబడినోడు మళ్ళీ నిలబడాలని కోరుకోడు. హాస్టల్లో మా బ్యాచ్ అంతా అంతే. కనపడకపోవడమే మాకు రక్షణ. పదమూడేళ్ళ తర్వాత దాని బిల్లు వచ్చింది.

కాలేజీకి పోయా. పేరు రాయను. మాకు చెప్పినవాళ్ళలో ఎవరూ లేరు. రిటైరైనవాళ్ళు, బదిలీ అయినవాళ్ళు, ఒకరు కరోనాలో పోయారు. ఆఫీసులో క్లర్కు నా హాల్ టికెట్ నంబరు చూసి "హాస్టల్ బ్యాచా?" అన్నాడు. కాండక్ట్ సర్టిఫికెట్ కావాలంటే ఇప్పుడే ఇస్తానన్నాడు. అచ్చేసిన ఫారం, నడవడి దగ్గర 'గుడ్' అని ఉంటుంది. అందరికీ అదే. నేను దొంగను కాదని చెప్పే కాగితం అది. నేను ఏం ఆలోచిస్తానో చెప్పే కాగితం కాదు.

జువాలజీ సారు రిటైరై దగ్గర్లోని ఇంకో ఊళ్ళో ఉంటున్నాడని తెలిసి వెళ్ళా. మంచాయనే. పల్నాటి చరిత్ర మీద ప్రతి సభలో మాట్లాడేవాడు. మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడనీ, మాల కన్నమదాసుని కొడుకులా చూసుకున్నాడనీ ఆయన చెప్తుంటే మా వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. నన్ను మాత్రం గుర్తుపట్టలేదు. మూడేళ్ళు వారానికి నాలుగు క్లాసులు! చివరికి, "నువ్వే రాసుకుని తీసుకురా బాబూ, సంతకం పెట్టేస్తా" అన్నాడు.

మిత్రులారా, మన దగ్గర ఇది మామూలే. ఉత్తరం పిల్లోడే రాసుకుంటాడు, సారు సంతకం పెడతాడు. ఆ రాత్రి కూర్చున్నా. "ఇతను నా విద్యార్థుల్లో..." అని మొదలుపెట్టి ఆగిపోయా. నన్ను చూడని మనిషి కళ్ళతో నన్ను నేను చూసుకోవాలి, పైగా మెచ్చుకోవాలి. రెండు గంటలు కూర్చున్నా మూడో వాక్యం రాలేదు. మొహమాటం కాదది. నన్ను ఎవరైనా అట్టా చూసి ఉంటే, ఏం చూసి ఉండేవారో నాకే తెలీదు.

ఆ పూట నాకు బాబాసాహెబ్ గుర్తొచ్చారు. బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న పిల్లవాడు, 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్ళాడు. అక్కడ సెలిగ్మన్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ ఆయన్ని విద్యార్థిగా చూశాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసర్ ఫాక్స్‌వెల్‌కి అంబేద్కర్ గురించి ఉత్తరం రాసింది ఆయనే. అంతటి మనిషికి కూడా ఒక ఉత్తరం కావాల్సి వచ్చింది. అది రాయగలిగిన కళ్ళు ఆయనకి దొరకడానికి సముద్రం దాటాల్సి వచ్చింది.

అలాగని ఉత్తరాలు మంచివనుకోవద్దు. 1920ల్లో అమెరికాలో హార్వర్డ్ లాంటి చోట్ల మార్కులతో యూదు పిల్లలు ఎక్కువమంది వచ్చేస్తున్నారని పెద్దలకి గుబులు పుట్టింది. అప్పట్నుంచి 'వ్యక్తిత్వం' చూస్తామన్నారు. ఫొటోలు, ఇంటర్వ్యూలు, తెలిసినవాళ్ళ ఉత్తరాలు అడిగారు. జెరోమ్ కారబెల్ 2005లో అచ్చేసిన 'ది చోజెన్'లో ఈ కథంతా ఉంది. కాబట్టి రేపెవరైనా ఇక్కడ "ఎంట్రన్సు ర్యాంకులు వద్దు, మొత్తం మనిషిని చూద్దాం" అంటే చెవులు రిక్కించండి. ర్యాంకుకి మన ఇంటిపేరు తెలీదు. చూసేవాడికి తెలుస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద వేసిన థోరట్ కమిటీ 2007లో రిపోర్టు ఇచ్చింది. టీచర్ల నుంచి తగిన సాయం అందడం లేదని ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఆ కమిటీకి చెప్పారు. రిజర్వేషన్ సీటు ఇప్పించగలదు. టీచరు తలెత్తి మన వంక చూసేలా చేయలేదు.

సరే, నా ఉత్తరం సంగతి. దారి చూపింది ల్యాబ్ అటెండర్ బాబాయ్. కాలేజీ గేటు దగ్గర టీ బంకులో కనపడ్డాడు, రిటైరయ్యాడు. చూడగానే "ఏరా, బొద్దింకని కొయ్యనని ఏడ్చినోడివి నువ్వేగా" అన్నాడు. పదమూడేళ్ళలో నన్ను పేరుపెట్టి గుర్తుచేసుకున్న మొదటి మనిషి! సంగతి చెప్పా. "సార్లు ఎందుకురా, బోటనీ మేడం ఉందిగా. నీ రికార్డు బుక్కు చూసి అందరికీ చూపించింది, మర్చిపోయావా?" నిజంగానే మర్చిపోయా. అవమానాలు ఒక్కటి కూడా మర్చిపోలేదు గానీ, ఆ మెప్పు మర్చిపోయా.

మేడం అప్పటికి వేరే జిల్లాలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉన్నారు. ఫోన్ చేశా. పేరు చెప్తే ఒక్క నిమిషం ఆగి, "ఆకుల మీద సిమెంటు దుమ్ము పడితే చెట్టు ఊపిరి ఎట్టా పీల్చుద్దని అడిగావు, నువ్వేనా?" అన్నారు. దాచేపల్లి వైపు నుంచి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి చూసి అడిగిన ప్రశ్న అది. క్లాసులో కాదు, అందరూ వెళ్ళాక కారిడార్‌లో అడిగా. మేడంది ఏ కులమో నాకు తెలీదని రాస్తే అబద్ధం. తెలుసు. మనది కాదు. ఆమె నన్ను రాసుకుని రమ్మనలేదు. "నీ పని గురించి రెండు పేజీలు పంపు, మార్కుల లిస్టు పంపు, ఉత్తరం నేను రాస్తా" అన్నారు. వాళ్ళకి కాలేజీ మెయిల్ నుంచే రావాలి. ఆ మెయిల్ మేడం ఎప్పుడూ తెరవలేదు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. దానికి తొమ్మిది రోజులు పట్టింది. గడువు ఇంకో రెండు రోజులుందనగా ఉత్తరం అందినట్టు మెసేజ్ వచ్చింది.

రెండోది మా డాక్టరు గారు ఇచ్చారు. ముందు రాసింది చూపించారు: కష్టజీవి, చెప్పిన పని చేస్తాడు, వినయవంతుడు. మనోళ్ళకి దొరికే పెద్ద కితాబు ఇదే గమనించారా? వినయం! భయపడుతూనే అడిగా. "సార్, బట్టీల కేసులు విడిగా లిస్టు రాసి మీకు చూపించింది నేనే కదా, అది కూడా రాస్తారా?" ఆయన కాసేపు నన్నే చూసి, "నిజమేనయ్యా" అని మళ్ళీ రాశారు.

సీటొచ్చింది. డబ్బుల కథ వచ్చే భాగంలో.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు. చదువుకునేటప్పుడే ఒక్కరి దగ్గరైనా ఒక్క ప్రశ్న అడగండి, కారిడార్‌లో అయినా సరే. రికార్డు బుక్కులు పారేయొద్దు. ఏళ్ళు గడిచాక అడగాల్సి వస్తే సిగ్గుపడొద్దు. మార్కులూ, చేసిన పనీ, పాత సంగతి ఒకటీ రాసి పంపండి, గడువుకి రెండు నెలల ముందే. గుర్తులేదన్న పెద్ద పేరు కంటే గుర్తున్న చిన్న పేరు మేలు. సార్ల జాడ తెలీకపోతే అటెండర్లని అడగండి. కాలేజీలో మనల్ని చూసింది వాళ్ళే.

మనలోంచి లెక్చరర్లయినవాళ్ళకీ, డాక్టర్లయినవాళ్ళకీ ఒక మాట. మన వినుకొండలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అప్పుడు మన మాట మోసేవాళ్ళు లేక గబ్బిలాన్ని బతిమాలాం. ఇప్పుడు మీరున్నారు. వెనక బెంచీలో తలొంచుకున్న పిల్లవాడి పేరు ఈ వారమే కనుక్కోండి. వాడు పదేళ్ళ తర్వాత ఫోన్ చేస్తాడు. రాసుకుని తీసుకురమ్మని మాత్రం అనొద్దు.

జై భీమ్.