నడిపింది నేనేనండీ

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉండే ఉంటారు. ఉంటే, ఎర్రటి కొండల ముందు జీపు పెట్టి దిగిన ఫొటో ఒకటి వాళ్ల ఫోన్‌లో ఉండి తీరుతుంది. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే చాలు, నలుగురు కలిసి బండి అద్దెకు తీసుకుని యూటాకో అరిజోనాకో బయల్దేరతారు. యూటాలో మోయాబ్ అనే చిన్న ఊరుంది. ఆర్చెస్, కేనియన్‌లాండ్స్ నేషనల్ పార్కులు రెండూ దానికి దగ్గర్లోనే ఉన్నాయి. ఈసారి ఆ ఫొటో చూపించినప్పుడు మనిషిని కాదు, బండిని చూడండి. దారి మీద ఉందా, దారి పక్కన ఉందా?

మా తోడికోడలి కొడుకూ, వాడి స్నేహితులూ పక్కన పెట్టారు. మట్టిరోడ్డు మీద పోతూ పోతూ, పొద్దువాలే వేళ వెలుతురు బాగుందని ఖాళీ నేల మీదికి తిప్పేశారట. "యాభై గజాలు కూడా ఉండదు పిన్నీ!" అంటాడు. నలుగురూ దిగి ఫొటోలు తీసుకుంటుంటే రేంజరు బండి వచ్చి రోడ్డు మీదే ఆగింది. అందులోంచి రేంజరు ఆవిడ దిగి, నడుచుకుంటూ వచ్చి, ఒకటే ప్రశ్న వేసిందట: బండి ఎవరు నడిపారు? సీట్లో ఎవరూ లేరు. నలుగురూ తమ బూట్లకేసి చూసుకున్నారు. కాసేపటికి మనవాడు చెయ్యెత్తి, "నడిపింది నేనేనండీ" అన్నాడు. ఇంగ్లీషులోనే అనుకోండి.

నిజం చెప్పాడు కదా, వదిలేసిందేమో అనుకుంటున్నారా? లేదు. జరిమానా టిక్కెట్టు రాసే ఇచ్చింది. రాసేముందు మాత్రం వాళ్లని కిందికి వంగి నేల చూడమంది. నల్లగా, గరుకుగా, మాడిన అట్టు అంచులా పైకి లేచిన మట్టిపెచ్చు. అది ఉత్త మట్టి కాదు. సయనోబ్యాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి కట్టుకున్న కాపురం. తడి తగిలినప్పుడల్లా ఆ సూక్ష్మజీవులు ఇసుక రేణువుల మధ్య జిగురు దారాలు అల్లుతాయి. గాలికి ఇసుక లేచిపోకుండా పట్టి ఉంచేది ఆ అల్లికే. గాలిలోని నత్రజనిని మట్టికి అందించేదీ అదే. ఏడాదంతా కలిపినా పది అంగుళాల వాన కురవని చోట మొక్క మొలవాలంటే ఇంకేం దిక్కుంది? చక్రం ఒక్కసారి ఎక్కితే అంతా పొడి. మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. వీళ్ల టైరు జాడలో పెచ్చు పొడిపొడిగా విరిగి, కింద లేత రంగు ఇసుక బయటపడి, చిన్న కాలవలా ఉందట. వానొస్తే నీళ్లు ఆ కాలవ వెంటే పరుగెత్తి దాన్ని ఇంకా లోతు చేస్తాయి. వెనక వచ్చేవాడు అదే దారనుకుని అందులోకే తిప్పుతాడు.

దశాబ్దాలంటే నమ్మకం కుదరకపోతే కాలిఫోర్నియా వైపు చూడండి. ఉత్తర ఆఫ్రికాలో యుద్ధానికి సైన్యాన్ని తయారుచేయడం కోసం 1942లో అమెరికా సేనాని జనరల్ ప్యాటన్ అక్కడి ఎడారిలో ట్యాంకులు తిప్పించాడు. ప్యాటన్ 1945లోనే పోయాడు. ఆయన ట్యాంకుల గాట్లు కొన్నిచోట్ల ఇప్పటికీ కనిపిస్తున్నాయి. అక్కడే డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ ప్లాయా అని ఒక ఎండిన చెరువుంది. బండరాళ్లు వాటంతటవే జరిగి వెనక జాడలు వదిలే చోటు. రాత్రి కట్టిన పలచటి మంచుపలకలు పగలు విరిగి, చిన్నగాలికి కదిలి రాళ్లను నెడుతున్నాయని 2014లో గానీ తేలలేదు. పేరు చూసి నిజంగా రేసు అనుకున్నారో ఏమో, 2016లో దాని మీద కూడా ఎవరో బండి తిప్పి పోయారు!

చట్టం కొత్తదేం కాదు. ప్రభుత్వ భూముల్లో రోడ్డు దిగి తిరిగే బండ్లను ఎక్కడ తిప్పొచ్చో, ఎక్కడ తిప్పకూడదో గీత గీయమని ప్రెసిడెంట్ నిక్సన్ 1972లోనే ఉత్తర్వు ఇచ్చాడు. నేషనల్ పార్కులో రోడ్డు దిగితే కాగితం మీద శిక్ష 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. మామూలుగా అంత దూరం పోదనుకోండి. మనవాళ్లు తప్పులో కాలేసేది ఇంకోచోట. బోర్డు లేదు కదా, పోవచ్చనుకుంటారు. అక్కడి ఫారెస్ట్ సర్వీసు భూముల్లో లెక్క తిరగబడుతుంది. మ్యాపులో లేని దారి మూసినట్టే, బోర్డు ఉన్నా లేకపోయినా. సర్కారు భూమి అంటే పోరంబోకు, ఎవరైనా తొక్కొచ్చు అన్న అలవాటు మనకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. అదే ఎవరైనా మన వరిచేలో ట్రాక్టరు చక్రం పెడితే ఊరుకుంటామా?

ఇక్కడివాళ్లూ తక్కువ తినలేదు లెండి. 2023 డిసెంబరులో, క్రిస్మస్ రద్దీలో, హిమాచల్‌లోని లాహౌల్ దగ్గర ఒకాయన ట్రాఫిక్ తప్పించుకోవడానికి చంద్రా నదిలోకే థార్ జీపు దింపేశాడు. వీడియో దేశమంతా తిరిగింది, పోలీసులు చలానా రాశారు. ఇలాంటి చాలా కేసుల్లో సాక్షి కెమెరాయే. అదీ చాలాసార్లు తప్పు చేసినవాళ్ల చేతిలోదే! దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అనే రోజులు పోయాయి. ఇప్పుడు దొరే తన దొంగతనానికి పాట జోడించి పెడుతున్నాడు. అందుకే నాకు మావాడి చెయ్యెత్తడం నచ్చింది. లైకుల కోసం ఒప్పుకోవడం ఎవడైనా చేస్తాడు. టిక్కెట్టు పుస్తకం తెరిచిన మనిషి ముందు ఒప్పుకోవడం వేరు. జరిమానా నలుగురూ పంచుకున్నారట. న్యాయమే, ఫొటోలో నలుగురూ ఉన్నారుగా. ఎంతో మాత్రం చెప్పలేదు, వాళ్లమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పలేదు, రాశాను. పేరు రాయలేదుగా!

ఒప్పుకోలు అక్కడితో అయిపోదు. రేపు పౌరసత్వానికి పెట్టుకునే ఎన్-400 ఫారంలో, ఏ అధికారైనా నీ మీద కేసుగానీ టిక్కెట్టుగానీ రాశాడా, అరెస్టు చేశాడా అని అడుగుతారు. చిన్న జరిమానా ఉందని రాస్తే మామూలుగా కొంపేం మునగదు. లేదని రాసి, తర్వాత బయటపడితే అబద్ధమాడావన్న మాట మీద పడుతుంది. దానితో నెగ్గడం కష్టం. ఆ టిక్కెట్టు కాగితం, డబ్బు కట్టిన రసీదు పారేయకుండా దాచుకోమని వాడికి మరీ మరీ చెప్పాను.

ఈ సెలవులకి మీవాళ్లు అటు వెళ్తుంటే రెండు మాటలు చెవిన వేయండి. అద్దెబండి కాగితాలు చదవమనండి. రోడ్డు దిగితే ఇన్సూరెన్సు వర్తించదని చాలావాటిలో ఉంటుంది, ఇసుకలో దిగబడితే లాగించడానికి వెయ్యి డాలర్లు దాటొచ్చు. బండ్లు తిరగదగిన దారులు చూపే ఫారెస్ట్ సర్వీసు మ్యాపులు ఉచితమే. ఆ ఎడారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి బయల్దేరకముందే ఫోన్‌లోకి దింపుకోమనండి.