సోలై నగర్‌కు చేరని ఇసుక

పుదుచ్చేరి పట్టణం ఉత్తర కొసన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల వాడ సోలై నగర్. ఇక్కడి యూత్ హాస్టల్‌లో దిగిన వాళ్లకు అలల హోరుకు కొదవ లేదు. కొరతంతా ఇసుకకే. ఒడ్డును కాపాడడానికి పోసిన బండరాళ్లే ఎక్కువగా కంటపడతాయి. రాళ్ల మీదకు పడవ లాగడం, వల ఆరేయడం ఎంత కష్టమో జాలరికే తెలుసు.

కావలసినంత ఇసుక చూడాలంటే దక్షిణాన కడలూరు రోడ్డు పట్టాలి. పట్టణం నుంచి 8 కిలోమీటర్ల దూరంలో చున్నంబార్ బోట్ హౌస్ వస్తుంది. శంకరాభరణి నది కడలిని చేరేముందు రెండుగా చీలుతుంది. ఒక పాయ చున్నంబార్, రెండోది అరియాన్‌కుప్పం నది. బోటు ఎక్కితే కొబ్బరి చెట్ల మధ్య, ఉప్పునీరూ మంచినీరూ కలిసిన వెడల్పాటి పాయలో తాపీగా సాగే ప్రయాణం. చివర్లో ప్యారడైజ్ బీచ్. ఒక పక్క నది, మరో పక్క బంగాళాఖాతం, నడుమ మెత్తటి ఇసుక. సెలవు రోజుల్లో జనం కాస్త ఎక్కువే. అయినా వెళ్లాల్సిన చోటే.

ఈ రెండు తీరాల మధ్య తేడాకు కారణం రెండో పాయ దగ్గరుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడి అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. 1980ల చివర్లో హార్బర్ కోసం అరియాన్‌కుప్పం నది ముఖద్వారం వద్ద సముద్రంలోకి రెండు రాతి గోడలు కట్టారు. ఇసుక దక్షిణపు గోడ దగ్గరే ఆగిపోయింది. ఉత్తరాన పట్టణం బీచ్ కరిగిపోయింది. పేరుకున్న ఇసుకను తోడి ఉత్తరాన పోయాలని మొదట్లోనే అనుకున్నారు. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను ఆర్‌.కె. బీచ్‌కు తరలించినట్టే. కానీ ఇక్కడ ఆ పని క్రమం తప్పకుండా సాగలేదు. బదులుగా రాళ్లు పోశారు. రాళ్లు పోసిన చోట కోత ఆగినా, ఆ పక్క ఊరికి మొదలవుతుంది. అలా జరుగుతూ జరుగుతూ అది సోలై నగర్‌నూ దాటి తమిళనాడు పల్లెలకు పాకింది.

2018లో సచివాలయం ఎదుట సముద్రంలో కృత్రిమ రీఫ్ దింపాక అక్కడ మళ్లీ ఇసుక పడింది. పర్యాటకులు సంబరపడ్డారు. రెండు నదీపాయల నడుమ ఉన్న ఈడెన్ బీచ్‌కు 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపూ దక్కింది. సోలై నగర్ జాలరి అడిగేది జెండా కాదు, పడవ ఆనించుకునేంత జాగా.