ట్యాంకు మూత... తాళం చెవి లేదు!

పొద్దున్నే వెళ్లినా విజయవాడ ఆటోనగర్ అప్పటికే నిద్ర లేచి చాలాసేపైనట్టు ఉంటుంది. ఓ షెడ్డులో సుత్తి దెబ్బలు, పక్కదాంట్లో లేత్ మిషన్ కూత, ఎదురుగా కొత్త లారీ బాడీకి పసుపు రంగేస్తున్న పెయింటరు. ఆ సందడి మధ్యలో ఓ లారీ కదలకుండా నిలబడి ఉంది. ఇంజిన్‌కి జబ్బు లేదు. టైర్లు బాగున్నాయి. డీజిల్ ట్యాంకు మూతకి తాళం ఉంది... దాని చెవి లేదు!

లారీ నిండా గుంటూరు మిరప టిక్కీలు. చేరాల్సింది కోల్‌కతా. ఇంకా 1,200 కిలోమీటర్లకు పైగా దారి. ట్యాంకులో ఉన్నది మహా అయితే ఏలూరు దాకా వస్తుంది. చెవి యార్డులో స్నానం చేసిన చోట జారిపోయిందో, టీ కొట్టు దగ్గర పడిపోయిందో డ్రైవరుకి గుర్తు లేదు. రెండో చెవి నంద్యాలలో ఓనరు బీరువాలో ఉంది. బస్సులో పంపినా వచ్చేసరికి రేపవుతుంది. పైన మబ్బు పట్టి ఉంది. పట్టా కింద ఉన్నది మిరపకాయలాయె!

ఇలాంటి బండి ఆటోనగర్‌కి రాక తప్పదు. చెన్నై - కోల్‌కతా రోడ్డూ, హైదరాబాద్ - మచిలీపట్నం రోడ్డూ కలిసే బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డులో కాస్త ముందుకెళితే ఆటోనగర్ గేటు. 1960ల్లో మొదలైన ఈ పేటలో లారీ ఒంట్లో ఒక్కో భాగానికి ఒక్కో వైద్యుడున్నాడు. కమాను పట్టీలకొకరు, రేడియేటరుకొకరు, సీటు కవర్లకొకరు. వాళ్ల మధ్యే రేకు పెట్టె ముందేసుకుని కూర్చునే తాళాలాయన.

ఆయన ముందుగా తీసేది పనిముట్టు కాదు, మాట. ‘‘కాగితాలు చూపించు తమ్ముడూ. ఓనరుకి ఫోన్ కలుపు.’’ డ్రైవరు మొహం చిన్నబోయింది. నిజానికి ఆ తాళం దారిలో దొంగల కోసమే కాదు. హైవే పక్కన కునుకు తీసి లేచేసరికి ట్యాంకు ఖాళీ అయిన కథలు ప్రతి డ్రైవరు దగ్గరా ఉంటాయి. కానీ లీటర్ల లెక్క తేడా వస్తే ఓనరు చూపు ముందు వాలేది డ్రైవరు మీదే. తగ్గిన డీజిలు బత్తాలో కోత పడుతుంది. అందుకే చెవి పోయిందంటే చెవి ఒక్కటే పోయినట్టు కాదు. ఫోన్లో నాలుగు మాటలు పడ్డాకే పని మొదలైంది.

తాళం కన్నంలో మట్టి చేరితే అసలు చెవి కూడా తిరగదు. చాలామంది అక్కడే బలం చూపించి చెవి విరగ్గొట్టుకుంటారు. రెండు చుక్కల నూనె వేసి, కాసేపాగి, మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే సగం మొండితనం వదులుతుంది. అసలు చెవే లేకపోతే మాత్రం పళ్లు లేని ఇత్తడి చెవి కావాలి. దాన్ని కొవ్వొత్తి మసిలో తిప్పి, కన్నంలో పెట్టి గట్టిగా ఓ మెలిక తిప్పుతాడు. బయటికి తీస్తే లోపలి రేకులు ఒత్తుకున్నచోట సన్నని గుర్తులు. అక్కడ ఆకురాయితో రెండు గీతలు... మళ్లీ మసి, మళ్లీ మెలిక. పావుగంటలో అయిపోవచ్చు, గంటా పట్టొచ్చు.

అదీ కుదరకపోతే ఆఖరి మార్గం బర్మా. తాళం నడుముకి కన్నం పెట్టి తీసెయ్యడమే. ఇక్కడ ఆయన కరెంటు బర్మా ముట్టుకోడు. చేతి బర్మాకి గ్రీజు రాసుకుంటాడు. ఇనప రజను ట్యాంకులో పడితే ఫిల్టరుకీ, పంపుకీ చేటు.

ఇది డీజిలు కాబట్టి ఈ ధైర్యం. పెట్రోలుతో చెలగాటం వద్దు! మైనస్ 40 డిగ్రీల చలిలోనూ దాని ఆవిరి అంటుకోగలదు. అది గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. బైకు ట్యాంకు మూత దగ్గర డ్రిల్లు, స్క్రూడ్రైవరు మీద సుత్తి దెబ్బ, రెండూ వద్దు. చాలా బైకులకి ఇంజిన్ చెవే మూతకీ పనిచేస్తుంది గనక, చెవి పోతే బండిని షెడ్డుకి తోసుకెళ్లడం మేలు. కార్లలో మీట లాగినా పెట్రోలు తలుపు తెరుచుకోకపోతే తప్పు చాలాసార్లు తాళానిది కాదు, తీగది. కొన్ని కార్లలో డిక్కీలో పక్క అట్ట తీస్తే ఆ తీగ చేతికందుతుంది.

ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటే ప్రమాదమంటే కొత్తవాళ్లు నమ్మరు. ఆటోనగర్ వెల్డర్లకి తెలుసు. ఆవిరి మిగలకుండా కడిగి, నీళ్లు నింపాకే ట్యాంకుకి అతుకేస్తారు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన లారీలకి మరో తలనొప్పి. పొగ శుద్ధికి యూరియా ద్రావణం పోసే రెండో ట్యాంకు, దానికో నీలం మూత, దానికీ తాళం.

ఈసారి బర్మా దాకా వెళ్లలేదు. నాలుగో మెలికకి ‘టక్’మంది. మూత తీసి వాసన చూసిన డ్రైవరు ముఖంలో వెలుగు. డబ్బులిచ్చాక చిన్న బేరం పెట్టాడు. ‘‘అన్నా, చీటీ ఒకటి రాసివ్వవా? తాళం పగలగొట్టలేదని.’’

ఆయన నవ్వకుండా రాసిచ్చాడు. డ్రైవరు ఆ చీటీ మడిచి ఆర్సీ కాగితాల్లో పెట్టాడు. కొత్త చెవిని మొలతాడుకి కట్టుకుని, చొక్కా కిందికి లాక్కుని, క్లీనర్ని కేకేశాడు.

బంకు రెండు మలుపుల అవతలే.