పొమ్మన్న చోటికి పోయొచ్చినవాడు

మా మామూ కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. ప్రతి చలికాలం పెళ్లాం పిల్లల్ని వ్యానెక్కించుకుని స్పెయిన్ దక్షిణ తీరానికి పోతాడు. ఆ వ్యానులోనే మంచాలు, పొయ్యి, కక్కూసు. పొద్దు ఎక్కడ గుంకితే అక్కడే పడక. జనవరిలో కూడా అక్కడ ఎండ కాస్తుందని ఫొటోలు పంపుతాడు. మేము ఎండ కన్నా ఊళ్ల పేర్లే ఎక్కువ చూస్తాం. అల్మెరియా. అల్హెసిరాస్, అంటే అల్ జజీరా. ఆ పక్కనే జిబ్రాల్టర్, అంటే జబల్ తారిఖ్, తారిఖ్ కొండ. పత్తిని అక్కడివాళ్లు అల్గొదోన్ అంటారు, అరబ్బుల ఖుత్న్ నుంచి పుట్టిన మాట. 1492 జనవరిలో గ్రనాడా పోయింది. 1609 నుంచి 1614 దాకా, బాప్తిజం పుచ్చుకున్న ముస్లింల సంతానాన్ని కూడా ఓడలెక్కించి తరిమేశారు. మనుషుల్ని తరిమారు గానీ మాటల్ని తరమలేకపోయారు.

1933లో ఇఖ్బాల్ కొర్దోవా మసీదుకు వెళ్లొచ్చి రాసిన పద్యాన్ని మా అబ్బా ఎచ్చెర్లలో లాంతరు ముందు కూర్చుని చదివేవాడు. ఆయన లుంగీలు, తువ్వాళ్లు సైకిలుకు కట్టుకుని జాలరి ఊళ్లలో అమ్మే మనిషి. కొర్దోవా ఎక్కడుందో మాకు తెలియదు. అబ్బా గొంతు బొంగురుపోయేది, అది మాత్రం తెలుసు.

సరే, మనకీ సముద్రం ఉంది కదా అన్నది మా పెద్దపిల్ల. నిజమే. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం. బడిపిల్లల్ని తోలే మా తోడల్లుడి పాత వ్యాను సంక్రాంతి సెలవుల్లో ఖాళీగానే ఉంటుంది. వెనక సీట్లు పీకేసి, బొంత పరిచి, చిన్న గ్యాసు బండ, రెండు నీళ్ల క్యాన్లు, బియ్యం, ఉల్లిపాయలు వేసుకుని ఎచ్చెర్ల నుంచి బయల్దేరాం. సరదా ఒక్కటే కారణమని చెబితే అబద్ధమవుతుంది. ఆ ముందటేడు ఒక ఊళ్లో లాడ్జి గుమాస్తా రిజిస్టరులో మా పేరు రాస్తూ రాస్తూ కలం ఆపేశాడు. అప్పటిదాకా ఉన్న గదులు అప్పుడే నిండిపోయాయి. వ్యానుకి రిజిస్టరు ఉండదు.

ముందు శ్రీకాకుళం. బ్రిటిషువాళ్ల నోట్లో చికాకోల్. మా పెద్దవాళ్ల నోట్లో సికాకోల్, శిస్తు సంచుల మూతులు విప్పిన చోటని ఒక కథ కూడా. ఫౌజుదార్ల కాలంలో దానికి గుల్షనాబాద్ అని ఇంకో పేరుండేది. పూలతోట అన్నమాట. ఇప్పుడా పేరు చెబితే ఏ దేశంలో ఉందని అడుగుతారు. జుమ్మా మసీదును 1641లో ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడని చరిత్ర. ఆ రాళ్లు గుడివని కూడా చెబుతారు. ఆ మాట విన్నప్పుడు మాలో కొందరు మొహం తిప్పుకుంటారు. మేము తిప్పుకోం. కొర్దోవా మసీదు కడుపులో కేథడ్రల్ లేచినందుకు ఏడ్చేవాళ్లం, ఇక్కడి రాళ్ల మాట కూడా వినాలి. కానీ దానికి జవాబుదారీ లుంగీలమ్ముకున్న మా అబ్బాదంటే మాత్రం ఒప్పుకోం. షేర్ మహమ్మద్ ఖాన్ మాకు తాతా కాడు, ముత్తాతా కాడు. ఆయన గుర్రమెక్కినప్పుడు మా వాళ్లు ఏ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారో!

కళింగపట్నం చేరేసరికి ఎండ పల్చబడింది. వంశధార సముద్రంలో కలిసేచోట ఇసుక మెత్తగా, చల్లగా ఉంది. ఒకప్పుడు పెద్ద రేవు, ఇప్పుడు దీపస్తంభం, చేపల పడవలు. ఇక్కడి దర్గాకి మొక్కుకునేవాళ్లలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లే మాకు ఎక్కువ కనిపించారు. ఒకామె చంటిపిల్లను మా ఆవిడ ఒళ్లో పెట్టి, కొబ్బరికాయ కొట్టే చోటు అడిగింది. మా ఆవిడ బురఖా చూసి దర్గా మనిషే అనుకున్నట్టుంది. ఆ పిల్ల మా ఆవిడ ఒళ్లో ఒంటేలు పోసి హాయిగా నిద్రపోయింది.

తర్వాతి రాత్రి పడుకున్న ఊరి పేరు చెప్పం. పదకొండు దాటాక వ్యాను అద్దం మీద కర్రతో కొట్టారు. టార్చిలైటు మా మొహాల మీద, తర్వాత గిన్నెల మీద. ఏం వండారని అడిగారు. వంకాయ కూర. పేరడిగారు, చెప్పాం.

"ఏ ఊరు?"

"ఎచ్చెర్ల."

"అది కాదు. అసలు ఊరేది?"

అసలు ఊరు! పుట్టింది అక్కడ, చదివింది అక్కడి బడిలో, అబ్బాను పాతిపెట్టిన మట్టీ ఆ పక్కదే. అంతకన్నా అసలు ఊరు మాకెక్కడ దొరుకుతుంది? ఇరవయ్యేళ్లుగా పత్రికలో పనిచేస్తున్నాం, కార్డు చూపించాం. కార్డు చూశాక గొంతు తగ్గించి, ఈ మధ్య రోజులు బాగాలేవు సార్ అన్నారు. వాళ్లు పోయాక చిన్నోడు, మనం అబద్ధం చెప్పామా అబ్బూ అని అడిగాడు. ఎవరికీ నిద్ర పట్టలేదు.

పొద్దున్నే తేలినీలాపురం. చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లోవాళ్ల మాట. అవి వస్తేనే ఊరికి మంచిదని వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. రాత్రి సంగతి మనసులో ఉండబట్టి కాబోలు, పిట్టల్ని చూస్తే కూడా అసూయ పుట్టింది.

బారువ దాకా పోవాలనుకున్నాం. పోలేదు. మా ఆవిడ ఇంక ఇంటికి పోదాం అంది. తిరిగొస్తూ, అబ్బా సైకిలు తొక్కిన దారి చూపిద్దామని ఎచ్చెర్ల తీరంలోని ఒక జాలరి ఊరికి పిల్లల్ని తీసుకెళ్లాం.

ఆ ఊళ్ల కథ మీకు తెలిసే ఉంటుంది. 2025లో తండేల్ సినిమా వచ్చాక అందరికీ తెలిసింది. ఇంత తీరం ఉన్నా పెద్ద పడవ కట్టుకునే రేవు లేక, మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి పోయి పరాయి పడవల మీద కూలికి వేటాడతారు. 2018 నవంబరులో అలా వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. నీళ్ల మీద సరిహద్దుకి గీత ఉండదు గదా. 2020 జనవరి 6న 20 మందిని వాఘా దగ్గర వదిలారు. వాళ్లలో ఒకడు పడవ నీడన వల బాగుచేసుకుంటూ కనిపించాడు. మా ఆవిడ బురఖా చూసి నవ్వాడు.

"ఆవో, బైఠో," అన్నాడు.

మా పిల్లలు నోళ్లు తెరిచారు. వాళ్లకన్నా వాడి ఉర్దూయే సాఫుగా ఉంది.

"ఎక్కడ నేర్సినావంతారేటి సాయిబుగోరూ? జైల్లోనే. ఆ బాస రాకపోతే కూడు అడగలేం గదా. అక్కడోలందరూ మమ్మల్ని హిందుస్తానీ, హిందుస్తానీ అని పిలిసేవోరు. పేరు మర్సిపోనాము."

మమ్మల్ని పాకిస్తాన్ పొమ్మన్నవాళ్లు బడి నుంచి ఆఫీసు దాకా లెక్కలేనంతమంది. పోయొచ్చినవాణ్ణి మాత్రం మేము అప్పుడే చూశాం. వాడు గంగమ్మకి మొక్కే మనిషి. ఎలా ఉంటుందక్కడ అని పెద్దపిల్ల అడిగింది, ఎంతో కాలంగా అడగాలనుకున్నట్టు.

"జైల్లోంచి ఏటి కనిపిస్తాదమ్మా. గోడలే. కాపలా ముసిలోడొకడు నా గుంటలు ఎంతమందని అడిగీవోడు. ఆడికీ ముగ్గురంట. అంతే నాకు తెల్సింది."

ఇంతలో వాడి తల్లి వచ్చింది. ఎవరని అడిగితే అబ్బా పేరు చెప్పాం. పేరు తెలియదంది. సైకిలు మీద లుంగీలు తెచ్చే సాయిబు అన్నాం.

"ఓలమ్మా! గెడ్డం సాయిబు కొడుకువేటి బావూ? మీ అయ్యకి నానొక లుంగీ బాకీ ఉండిపోనాను. ఈడి అయ్యకి కొన్నాను. ఏట లేదంతే మళ్లీ ఇద్దువులే అన్నాడు. మళ్లీ రాలేదు."

మళ్లీ రాలేదు, నిజమే. ఆ ఏడే అబ్బా పోయాడు. ఆ మాట చెప్పడానికి మాకు నోరు రాలేదు. మా ఆవిడే చెప్పింది. ఆమె కాసేపు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, లోపలికి పోయి ఒక గోనెసంచి తెచ్చింది. నిండా ఎండుచేపలు. వద్దంటే వినలేదు. మీ అయ్యది, నీదేటి వద్దనడానికి అంది.

వ్యాను కదిలాక కొడుకు వెనక నుంచి "ఖుదా హాఫిజ్" అని అరిచాడు. చిన్నోడు కిటికీలోంచి తల పెట్టి "ఎల్లొస్తాం బావూ" అని అరిచాడు. ఎచ్చెర్ల చేరేదాకా ఎండుచేపల కంపు. సెలవులయ్యాక బడిపిల్లలు ముక్కులు మూసుకుంటున్నారని మా తోడల్లుడు ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు.