వంక తగ్గేదాకా

హిందూపురంలో గొడుగు కొనడానికి వెళితే కొట్టతను, "ఎండకా సార్, వానకా?" అని అడుగుతాడు. మొదటిసారి విన్నప్పుడు వేళాకోళం అనుకున్నాను. పదిహేనేళ్ళు ఇక్కడ పాఠాలు చెప్పి బతికిన తరువాత ఆ ప్రశ్నలో వేళాకోళమేమీ లేదని తెలిసింది. మా సీమలో గొడుగుకు ఎండతోనే ఎక్కువ పని.

ఏడాది మొత్తం మీద మాకు పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలా మటుకు బరువు దించుకుని, ఇక్కడికి వచ్చేసరికి ఒట్టి చేతులతో వస్తాయి. ఈశాన్య రుతుపవనం కోస్తా వాళ్ళకు పంచి పెట్టి, మిగిలితే మాకు ఇంత విదిలిస్తుంది. అందుచేత మా వాళ్ళు ఇళ్ళు కట్టినా, రోడ్లు వేసినా, పెళ్ళి ముహూర్తాలు పెట్టినా, వాన అనే అతిథి రాడన్న ధీమాతోనే పెడతారు. ఆ అతిథి చెప్పా పెట్టకుండా సపరివారంగా దిగితే ఎలా వుంటుందో 2021 నవంబరు మూడో వారంలో చూశాను.

బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం నవంబరు 19 తెల్లవారుజామున చెన్నపట్నం దాపున తీరం దాటింది. ఆ రోజు కార్తిక పౌర్ణమి. మా ఆవిడ దీపాలు పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించి, చివరికి వంటింట్లోనే వెలిగించి దణ్ణం పెట్టుకుంది. మరునాడు శనివారం. మా అమ్మాయి పెళ్ళి డిసెంబరు రెండో వారంలో. ధర్మవరంలో ఒక నేతగాడి ఇంట్లో పెళ్ళిచీర మగ్గం మీద వుంది. అంచు రంగు చూసి ఖాయం చేయడానికి శనివారం వస్తామని పెద్దాయనకు మాట ఇచ్చి వున్నాం. వాన కాస్త తెరిపి ఇచ్చేసరికి, మాట తప్పడం ఎందుకని నేనూ అమ్మాయీ బయలుదేరాం. మా ఆవిడ మాత్రం, "చీర ఎక్కడికీ పోదు, మీరే పోయేట్టున్నారు," అంది. పెద్దవాళ్ళ మాట వినాలంటారు గాని, ఇంట్లోవాళ్ళ మాట కూడా వినాలని ఎవరైనా శాస్త్రం రాసి వుంటే బాగుండేది.

బస్టాండులో పెనుకొండ బస్సు సగం ఖాళీగా వుంది. మా వూరి బజారు నాకు అంత నిశ్శబ్దంగా ఎన్నడూ కనబడలేదు. చింతపండు, మిరప, బెల్లం బస్తాల మీద టార్పాలిన్లు కప్పి, వర్తకులు వాటి పక్కనే కుక్కి మంచాల మీద కూర్చున్నారు. పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోవలసిన రైతు ఒకాయన బస్సులో నా పక్కన కూర్చుని తన గోడు చెప్పుకున్నాడు. తడిసిన మల్బరీ ఆకు మేస్తే పట్టుపురుగుకు రోగం వస్తుందట. వాన వెలిసేదాకా ఆకు కోయరాదు, కోయకపోతే పురుగు ఆకలికి ఆగదు. "ఇంట్లో ఫ్యాను కింద ఆకు ఆరబెట్టి మేపుతాండాం సార్. మాకు లేకున్నా దానికి ఫ్యాను గాలి," అని నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం ఎంత వుందో మీరే వూహించుకోవచ్చు.

సోమందేపల్లి ఇంకా రాకముందే బస్సు ఆగిపోయింది. ముందు పదిహేను లారీలు, నాలుగు ఆటోలు, పెళ్ళివారి వ్యాను ఒకటి. రోడ్డుకు అడ్డంగా వంక పారుతోంది. కోస్తా పాఠకుల కోసం చెబుతున్నాను, మా వైపు వంక అంటే వాగు. ఏడాదిలో పదకొండు నెలలు అందులో మేకలు నడుస్తాయి. పన్నెండో నెలలో ఒకటి రెండు రోజులు అది తన హక్కు తాను అడుగుతుంది.

డ్రైవరు దిగి, బీడీ ముట్టించి, నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. ప్రయాణికుల్లో ఒక యువకుడికి తొందర. "మోకాలి లోతే గదన్నా, పోనియ్యి," అన్నాడు.

"మోకాలి లోతే. నీ మోకాలు యాడుందో వంకకు ఎరుక లేదబ్బీ," అన్నాడు డ్రైవరు. "నిన్న చిత్రావతిలో ఏమాయనో చూడలేదా?"

అందరూ చూశారు. సెల్‌ఫోన్లలో ఆ దృశ్యం జిల్లా అంతా తిరిగింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో ఒక కారు చిక్కుకుంది. అందులోని నలుగురిని తేవడానికి మరి కొందరు జేసీబీతో దిగి, వాళ్ళూ నది మధ్యనే నిలిచిపోయారు. చివరికి వైమానిక దళం హెలికాప్టరు వచ్చి పదిమందినీ ఒడ్డుకు చేర్చింది. కరువు జిల్లాలో మనుషుల్ని నీళ్ళలోంచి తీయడానికి ఆకాశంలోంచి రావలసి వచ్చిందంటే మా తాతలు నమ్మేవారు కాదు. ఆ రాత్రే కదిరిలో వానకు నానిన భవనం కూలి పసిపిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. డ్రైవరు ఆ మాట అన్న తరువాత యువకుడు మారు పలకలేదు.

మూడు గంటలు కూర్చున్నాం. ఈ మూడు గంటల్లో నేను చూసిన మర్యాద చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. పక్క పల్లె నుంచి ఇద్దరు ఆడవాళ్ళు గంపలో ఉగ్గాని, బజ్జీలు తెచ్చారు. అమ్మకానికే అనుకుని జేబులో చెయ్యి పెట్టాను. "పిల్లోల్లకు ముందు పెట్టండి సామీ, దుడ్లు తర్వాత చూస్తాం," అంది పెద్దామె. ఆ తర్వాత ఎంతకూ చూడలేదు. ఉత్తరాది లారీ డ్రైవరొకాయన ఉగ్గాని తిని, తన క్యాబినులోని స్టవ్ మీద టీ కాచి అందరికీ పోశాడు. భాషలు కలవకపోయినా టీ కలిసింది.

అమ్మాయి తన ఫోనులో డాలసులో వున్న మా అన్నయ్య కూతురితో మాట్లాడింది. ఆ పిల్ల అదే ఏడాది ఫిబ్రవరిలో టెక్సాసులో మంచుతుఫాను చూసింది. అక్కడ మంచు అరుదు. మాకు వాన ఎంతో వాళ్ళకు మంచు అంత. ఇళ్ళలో గొట్టాలు గడ్డకట్టి పగిలిపోయాయి, 45 లక్షల ఇళ్ళకు పైగా కరెంటు పోయింది. మంచు ఏటా పడే వూళ్ళలో ఉప్పు చల్లే బండ్లూ, మంచు తోసే యంత్రాలూ సిద్ధంగా వుంటాయి. డాలసు వాళ్ళు మంచు గిన్నెల్లో కరగబెట్టుకుని మరుగుదొడ్లలో పోసుకున్నారు. "చిన్నాన్నకు చెప్పు, పక్కింటివాళ్ళ తలుపు తట్టడానికి మొహమాటపడొద్దని. మేం బతికింది దానివల్లే," అందిట ఆ పిల్ల.

మధ్యాహ్నానికి నీరు తగ్గింది. ముందు ఒక ట్రాక్టరు దాటింది, తరువాత లారీలు, తరువాత మేము. డ్రైవరు వంక దాటాక స్టీరింగుకు మొక్కాడు.

పెనుకొండ చేరేసరికి కొండ మీది కోట మబ్బులో సగం మునిగి వుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత తిరుమల రాయలు విజయనగర రాజధానిని ఇక్కడికే తెచ్చాడని పిల్లలకు ఏటా చెబుతాను. ఆ రోజు మాత్రం నాకు రాయలకంటే సింగాయ భట్టు ఎక్కువ గుర్తుకు వచ్చాడు. 1388 నాటి శాసనం ఒకటి వుంది. పెనుకొండలో వుండగా ప్రతాప బుక్కరాయలు, హెన్నె నదిని, అంటే మన పెన్నను, పెనుకొండకు తీసుకురమ్మని జలసూత్ర విద్య తెలిసిన సింగాయ భట్టును ఆజ్ఞాపించాడు. ఆయన సిరువేర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి రాజు పేరే పెట్టాడు. ఆరు వందల ఏళ్ళ క్రితం ఒక ఇంజనీరు పేరు రాతి మీద చెక్కారంటే, ఆ సీమకు నీళ్ళు ఎంత ప్రాణమో చూడండి.

ఆ కాలం వాళ్ళు వానను కాలవల్లో పట్టి గొలుసుకట్టు చెరువుల్లో నింపేవారు. పై చెరువు నిండితే మరవ పారి కింది చెరువుకు నీరు వెళ్ళేది. తూము ఎప్పుడు ఎత్తాలో, కట్ట ఎక్కడ చెమ్మగిల్లిందో చూడటానికి వూరికొక నీరుగట్టి వుండేవాడు. ఈ గొలుసులో ఒక చిక్కు వుంది. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కుమ్మడిగా కింది కట్టమీద పడతాయి. ఇప్పుడు అనేక చోట్ల వంకలు పూడిపోయాయి, కొన్నిటి మీద ఇళ్ళు లేచాయి, రైల్వే గేట్లు తీసేసిన చోట పట్టాల కింద దారులు తవ్వారు. నీటికి తెలిసిన దారి మనం మూస్తే, మనం తవ్విన దారిలోకి అది వస్తుంది. పట్టాల కింద దారులు వానలో బావులు కావడానికి ఇంతకంటే పెద్ద రహస్యం లేదు.

పెనుకొండ నుంచి రైలు ఎక్కాం. ఈ లైను 1893 నాటిది. ఆనాడు గుంతకల్లు-మైసూరు ఫ్రాంటియరు రైల్వే అనేవారు. రైలు కొన్ని చోట్ల మనిషి నడకతో పోయింది. కిటికీలోంచి చూస్తే పట్టాల పక్కన గొంగళి కొప్పెర వేసుకుని, చేతిలో ఎర్రజెండా, ఆకుపచ్చ జెండా పట్టుకుని నడుస్తున్న గ్యాంగుమను కనిపించాడు. వానాకాలంలో వీళ్ళు రాత్రింబవళ్ళు లైను వెంట కాపలా తిరుగుతారు. వంతెన స్తంభాల మీద ప్రమాదపు మట్టం గీత వుంటుంది. నీరు అక్కడికి చేరితే బండి ఆపించాలి. కట్ట నానిన చోట డ్రైవరుకు ముందుగానే హెచ్చరిక కాగితం ఇచ్చి వేగం తగ్గిస్తారు. ఈ జాగ్రత్తలు వూరికే రాలేదు. 1902లో కడప జిల్లా మంగపట్నం దగ్గర వరదకు వంతెన పోయి, రాత్రివేళ మెయిలు బండి అందులో పడి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. బండి ఆలస్యమైందని విసుక్కుంటున్న పెద్దమనిషికి ఆ సంగతి చెప్పాను. ఆయన కూడా కిటికీలోంచి ఆ గ్యాంగుమనుకేసి చూశాడు.

దారి పొడుగునా చేలల్లో పీకి కుప్పలు వేసిన వేరుశనగ తడిసి నల్లబడుతోంది. ఇన్నాళ్ళు వాన లేక ఎండిన పంట చూశాను. వానవల్ల కుళ్ళిన పంట చూడటం అదే మొదలు.

ధర్మవరంలో దీపాలవేళ అయింది. ఈ వూరు క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర కట్టించాడని ఐతిహ్యం. చిత్రావతి ఒడ్డు వూరు. నేతగాళ్ళ వీధిలో మోకాలి దిగువ దాకా నీళ్ళు. పెద్దాయన ఇంటి ముందు ఆడా మగా వరుసగా నిలబడి బిందెలూ, తప్పేళ్ళూ అందించుకుంటున్నారు. వాళ్ళది గుంతమగ్గం. నేసేవాడు కాళ్ళు గుంతలో పెట్టుకుని కూర్చుంటాడు. వీధిలోకి వచ్చిన నీరు మొదట వెతికేది ఆ గుంతనే.

"రాత్రి రెండు గంటలకు వచ్చింది సార్," అన్నాడు పెద్దాయన. "ముందు పడుగు కోసి పైకెత్తినాం. పిల్లల్ని తర్వాత లేపినాం."

పైకి చూస్తే దూలాలకు తెల్లని పంచెలో చుట్టి కట్టిన పట్టు పడుగు వేలాడుతోంది. అంతకు ముందు నేసిన మూడు గజాల చీర వేరే మూట. ఒక పడుగు మీద రెండు మూడు చీరలు దిగుతాయి. అందులో నెలా రెండు నెలల కూలి వుంటుంది. గుంత ఆరాలి, కోసిన పోగులు ఒక్కొక్కటే అతకాలి. చీర పెళ్ళికి అందదని ఆయన చెప్పక ముందే నాకు తెలిసిపోయింది.

ఆయన లోపలికి వెళ్ళి, తడిసిన నోట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో తెచ్చాడు. "పాప పెండ్లికి వేరేచోట తీసుకోండి సార్. మాట పోగొట్టుకుంటిని." అది మేమిచ్చిన బయానా. ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగే జాడ కూడా లేదు.

నేను ఏం చెప్పాలో తోచక నిలబడ్డాను. మా అమ్మాయి చెప్పులు విడిచి, పంజాబీ డ్రెస్సు పైకి మడిచి, వరుసలోకి వెళ్ళి ఒక తప్పేలా అందుకుంది. "అమ్మ పెళ్ళిచీర వుంది గదా నాన్నా, అది కట్టుకుంటాను. ఇది నిదానంగా నేయమనండి," అంది. ఇరవై నాలుగేళ్ళుగా బీరువాలో వున్న ఆ చీరా ధర్మవరందే. ఆ మాట విని పెద్దాయన భార్య అమ్మాయి చేతిలోంచి తప్పేలా లాక్కోబోయి, ఇవ్వకపోయేసరికి ఊరుకుంది. నేనూ పంచె ఎగగట్టాను. గుంత అడుగు కనబడేసరికి రాత్రి పదయింది. ఆ రాత్రి దగ్గరలోని కల్యాణ మండపంలో, వీధి వాళ్ళందరితో కలిసి సంగటి తిని పడుకున్నాం.

పెళ్ళి అనుకున్న రోజునే జరిగింది. సంక్రాంతికి రెండు రోజుల ముందు పెద్దాయన స్వయంగా చీర తెచ్చాడు. ఈసారి బస్సు ఎక్కడా ఆగలేదట. మా ఆవిడ చీర మడత విప్పి అంచు చూస్తుంటే, ఆయన వాకిట్లో నిలబడి ఆకాశంకేసి చూశాడు. మబ్బు తునక లేదు.

"మగ్గం గుంత చుట్టూ జానెడు గట్టు కట్టించినా సార్," అన్నాడు. "మళ్ళా ఎప్పుడొస్తుందో ఏమో గానీ, వస్తే ఈ తూరి వాకిట్లోనే నిలబడాల."